‘ఈ పని ఇక్కడ ఎందుకు ఉంది?’ – ప్లానింగ్ ఇంజనీర్ల ఆన్‌లైన్ శిక్షణపై ఒక ప్రసంగం

(రాజమహేంద్రవరంలో ఒక ఆదివారం ఉదయం సైట్ ఇంజనీర్లు, చివరి ఏడాది సివిల్ విద్యార్థుల కోసం జరిగిన సమావేశంలో ఒక సీనియర్ ప్లానింగ్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినబడుతోందా అండీ? వినబడకపోతే ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ప్రాజెక్టు షెడ్యూళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ప్రైమవేరా ఉంది కదా, దాని కోర్సు చేసినవాళ్లు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తండి. సగం మంది పైనే ఉన్నారు. దించకండి. అందులో ఆన్‌లైన్‌లో నేర్చుకున్నవాళ్లు మాత్రం ఉంచండి. చాలామందే ఉన్నారు. ఇప్పుడు మూడో ప్రశ్న. ఆ కోర్సు పూర్తయ్యాక, సొంతంగా ఒక షెడ్యూలు మొదటి పని నుంచి చివరి పని దాకా తయారుచేసి, దాన్ని ఇంకొకరి ముందు పెట్టి, వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పినవాళ్లు? మూడు చేతులు. సరే, దించండి.

ఈ మూడు చేతుల గురించే ఇవాళ మాట్లాడతాను. మిగతావాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. మీకు నేర్పిన పద్ధతే అలా ఉంది. వీడియో పెడతారు, మెనూలు చూపిస్తారు, ఇక్కడ నొక్కండి, అక్కడ నొక్కండి అంటారు, చివర్లో ఒక సర్టిఫికెట్ పీడీఎఫ్ వస్తుంది. ఆ పీడీఎఫ్ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళితే అక్కడ అడిగే మొదటి ప్రశ్నకే నోరు పెగలదు. ఎందుకు? ఎందుకంటే అక్కడ ఎవరూ బటన్ల గురించి అడగరు.

నా సంగతి చెబుతాను. నేను నేర్చుకున్నది అమీర్‌పేటలో. అప్పుడు ప్రైమవేరా పాత వెర్షను పీ3 రోజులు. ఒక గదిలో పన్నెండు కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఇద్దరం. నలభై అయిదు రోజుల కోర్సు. మెనూలన్నీ కంఠతా వచ్చేశాయి. ఆ ధైర్యంతోనే గల్ఫ్ వెళ్లాను. అక్కడ మొదటి షెడ్యూలు చేసి, యజమాని తరఫున మా పని సరిచూసే కన్సల్టెంట్‌కి పంపాం. వాళ్ల ప్లానరు ఈజిప్టు నుంచి వచ్చిన పెద్దాయన. మీటింగులో కంప్యూటరు తెరవనే లేదు ఆయన. మా షెడ్యూలు ప్రింటు తీసి బల్ల మీద పరిచారు. చేతిలో పెన్సిలు. ఆ పెన్సిలు మొన తీసుకెళ్లి ఒక గీత మీద పెట్టారు. ఫైర్ ఫైటింగ్ పంపుల సరఫరా అది. “ఈ పని ఇక్కడ ఎందుకు ఉంది?” అన్నారు. అంతే ప్రశ్న.

నేను ఫ్లోట్ కాలమ్ చూశాను, అంటే ఆ పని ఎన్ని రోజులు ఆలస్యమైనా ముగింపు తేదీ కదలదో చెప్పే అంకె. 212 రోజులు ఉంది. ఏడు నెలల వెసులుబాటు! పంపులు ఏడు నెలలు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదని మా షెడ్యూలు చెబుతోందన్నమాట. అది నిజమా? కాదు. పంపులు రాకుండా టెస్టింగు ఎలా చేస్తారు? టెస్టింగు కాకుండా అగ్నిమాపక అనుమతి ఇచ్చే సివిల్ డిఫెన్సు వాళ్లు ఎలా ఒప్పుకుంటారు? నేను ఆ పంపుల పని తరవాత దేనికీ కలపలేదు. తోక తెగిపోయి అలా వేలాడుతోంది. ఆయన పెన్సిలుతో ఆ గీత చివరి నుంచి టెస్టింగు దాకా ఇంకో గీత గీశారు. ఆఫీసుకు వచ్చి ఆ ఒక్క లింకు కలిపి మళ్లీ లెక్క వేశాను. 212 పోయి మైనస్ 9 వచ్చింది. అంటే అప్పటికే తొమ్మిది రోజులు వెనకబడి ఉన్నాం, ఆ విషయం మాకే తెలియదు. ఆ రోజు సాయంత్రమే పంపుల ఆర్డరు కోసం పరుగులు పెట్టాం.

ఒక్క లింకు. నలభై అయిదు రోజుల కోర్సులో ఆ లింకు ఎలా పెట్టాలో నేర్పారు. ఎందుకు పెట్టాలో అడిగినవాళ్లు లేరు. ఇప్పటి ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావాటిలో ఉన్న లోటు కూడా సరిగ్గా ఇదే. గది మారింది, తెర మారింది, లోటు మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు బోర్డు మీదకు వద్దాం. కంప్యూటరు వద్దు. మీ దగ్గర కాగితం ఉంటే తీయండి, లేకపోతే మీకిచ్చిన కరపత్రం వెనక్కి తిప్పండి.

చిన్న ఇల్లు. ఒక స్లాబు వేయాలి. స్తంభాల పోతకు 3 రోజులు. తరవాత సెంట్రింగ్ 6 రోజులు. తరవాత ఇనుము కట్టడం 4 రోజులు. తరవాత కరెంటు పైపులు, బాత్‌రూమ్ స్లీవులు, అంటే స్లాబులోంచి పైపులు వెళ్లడానికి వదిలే గొట్టాలు, పెట్టడం 1 రోజు. తరవాత స్లాబు పోత 1 రోజు. ఒకదాని తరవాత ఒకటి. కూడండి. 3, 6 తొమ్మిది, 4 పదమూడు, 1 పద్నాలుగు, 1 పదిహేను. పదిహేనో రోజు స్లాబు పడుతుంది. ఇక్కడిదాకా మన మేస్త్రి కూడా వేళ్ల మీద చెబుతాడు.

ఇంకో వరస ఉంది. ఆ స్లీవులు, పైపులు ఆర్డరు పెట్టాలి, అవి రావాలి. మొదటి రోజే ఆర్డరు పెడితే 8 రోజులకు వస్తాయి. వాటితో అవసరం ఎప్పుడు? పద్నాలుగో రోజు పొద్దున. అంటే పదమూడో రోజు సాయంత్రానికి సైటులో ఉంటే చాలు. ఎనిమిదో రోజుకి వస్తున్నాయి. తేడా ఎంత? 5 రోజులు. అదే ఫ్లోటు. ఇంతకు మించి అందులో ఏ రహస్యమూ లేదు. ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకు ఒకసారి నడిచాం, రెండు నడకల మధ్య తేడా తీశాం.

ఇప్పుడు చెప్పండి. షాపువాడు ఫోన్ చేసి స్లీవులు 5 రోజులు ఆలస్యం అన్నాడు. స్లాబు ఎప్పుడు పడుతుంది? ... అవును, పదిహేనో రోజే. 6 రోజులు ఆలస్యం అన్నాడు? ... పదహారు. బాగుంది. ఇంకో ప్రశ్న, ఇది కొంచెం ఆలోచించి చెప్పండి. 5 రోజులు ఆలస్యం అన్నప్పుడు స్లాబు తేదీ మారలేదు కదా. మరి ఏమీ మారలేదా? ... ఎవరో అన్నారు, గట్టిగా చెప్పమ్మా. అదీ! వెసులుబాటు అయిపోయింది. ఇప్పుడు రెండు వరసలూ క్రిటికలే, అంటే దేనిలో ఒక్క రోజు జారినా స్లాబు జారుతుంది. నిన్నటిదాకా ఇనుము మేస్త్రి ఒక్కడి మీద కన్నేసి ఉంచితే సరిపోయేది, ఇవాళ్టి నుంచి షాపువాడికి కూడా రోజూ ఫోన్ చేయాలి. తేదీ కదలకపోయినా ప్రమాదం దగ్గరికి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పు ఒక అంకె మాత్రమే. దాన్ని చదివి, అర్థం చేసుకుని, సైటుకు చెప్పాల్సింది మీరు.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి తయారుచేశారు. ఆ మరుసటి ఏడాదే అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే ఇలాంటి పద్ధతే తెచ్చింది. ప్రైమవేరా సంస్థ పుట్టింది 1983లో, 2008లో ఒరాకిల్ దాన్ని కొనుక్కుంది. సాఫ్ట్‌వేర్లు వస్తూనే ఉంటాయి, రేపు ఇంకోటి వస్తుంది. ముందుకూ వెనక్కీ నడిచే ఆ లెక్క మాత్రం 1957 నుంచి అలాగే ఉంది. అందుకే నా ఆన్‌లైన్ క్లాసులో మొదటి వారం ఎవరినీ సాఫ్ట్‌వేర్ తెరవనివ్వను. కాగితం మీద చేసి, ఫోటో తీసి పంపమంటాను. మొదట్లో కొందరు విసుక్కుంటారు. ఫీజు కట్టింది దీనికా అంటారు. రెండో వారం సాఫ్ట్‌వేర్ తెరిచాక వాళ్లే అంటారు, సార్, ఇప్పుడు తెర మీద అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కనబడుతోంది అని.

అదే స్లాబు దగ్గరే ఇంకాసేపు ఉందాం, దాంట్లో ఇంకో పాఠం ఉంది. స్లాబు పడింది. సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారు? కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ఏం చెబుతుంది? స్లాబు కింద నిలబెట్టే పోట్లు, అంటే ప్రాపులు, స్పాన్ (ఆధారాల మధ్య దూరం) నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. మనది పెద్ద హాలు, 14 అనుకుందాం. మీరు షెడ్యూల్లో 14 రోజులు అని పెట్టారు. బాగుంది. ఏ క్యాలెండర్ మీద పెట్టారు?

ఇక్కడే నూటికి ఎనభై మంది నా విద్యార్థులు దొరికిపోతారు. సైటు ఆదివారం సెలవు కాబట్టి ఆరు రోజుల క్యాలెండర్ పెడతారు. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఆదివారాలు వదిలేసి 14 పనిరోజులు లెక్కపెడుతుంది. కనీసం రెండు రోజులు పెరుగుతాయి. కాంక్రీటుకు ఆదివారం సెలవు ఉందా అండీ? మనం ఇంటి దగ్గర ఉన్నా అది గట్టిపడుతూనే ఉంటుంది. ఐదు అంతస్తుల ఇల్లు అనుకోండి, సెంట్రింగ్ సామాను ఒక్క సెట్టే ఉంది, కింద విప్పితేగానీ పైకి వెళ్లదు. అంతస్తుకు రెండు రోజులు చొప్పున పది రోజులు. లేని ఆలస్యాన్ని మనమే పుట్టించాం. క్యాలెండర్ ఎలా మార్చాలో వీడియో రెండు నిమిషాల్లో చూపిస్తుంది. ఏ పనికి ఏ క్యాలెండర్ పెట్టాలో చెప్పాలంటే కాంక్రీటు తెలిసిన మనిషి కావాలి.

క్యాలెండర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. చట్టం అది. రంజాన్ నెలలో పని గంటలు తగ్గుతాయి. ఆ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టు అయితే మూడు రంజాన్‌లు మూడు వేరు వేరు తేదీల్లో పెట్టాలి. సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు. యూఏఈలో ప్రభుత్వ ఆఫీసులకు 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు అయ్యాయి, శుక్రవారం సగం రోజు. మీ డ్రాయింగు ఆమోదించాల్సిన ఆఫీసుకు ఒక వారాంతం, మీ సైటుకు ఇంకో వారాంతం అయితే రెండు క్యాలెండర్లు కావాలి. ఇక మన ఊరి సంగతి. గోదావరి పక్కన పుట్టినవాళ్లం మనం. ఏటిలో పునాది పని పెట్టి, ఆగస్టులో పని జరుగుతుందని రాస్తే మన అమ్మమ్మ కూడా నమ్మదు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 దాకా కట్టారు. ఆ కట్టినవాళ్లు కూడా ఏటి వరదను చూసుకునే పని పెట్టుకోవాల్సి వచ్చింది. ఇవాళ మనకు సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వరద నెలలు పనిలేని రోజులుగా మనం గుర్తుపెడితేనే దానికి తెలుస్తుంది.

సరే. ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఆన్‌లైన్‌లో ఇది నేర్చుకోవచ్చా, లేదా?

నేర్చుకోవచ్చు. నేను గట్టిగా చెబుతున్నాను, నేర్చుకోవచ్చు. ఆ మాటకొస్తే గదిలో కూర్చున్నదానికన్నా బాగా నేర్చుకోవచ్చు. ఎలాగంటారా? అమీర్‌పేట గదిలో మా పన్నెండు కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లంతా ఉద్యోగం లేనివాళ్లమే. ఒక్కరి దగ్గరా సైటు లేదు. పాఠం చెప్పినాయన ఇచ్చిన ఉత్తుత్తి ప్రాజెక్టే అందరిదీ. ఇప్పుడు నా రాత్రి క్లాసు చూడండి. పది గంటలకు మొదలవుతుంది. అప్పుడు సౌదీలో ఏడున్నర. ఒక కుర్రాడు జుబైల్‌లో క్యాంపు గదిలోంచి చేరతాడు, వెనక మంచం మీద ఇంకొకరు నిద్రపోతుంటారు కాబట్టి గుసగుసగా మాట్లాడతాడు. ఒకరు వైజాగ్ నుంచి, ఒకమ్మాయి బెంగళూరులో అపార్ట్‌మెంట్ల ప్రాజెక్టు నుంచి. ఒక్కొక్కరి వెనక ఒక్కో సైటు ఉంది. రాత్రి నేర్చుకున్నది పొద్దున్నే సైటులో చేసి చూడొచ్చు. పని కుదరకపోతే మళ్లీ రాత్రి వచ్చి అడగొచ్చు. ఇది గదిలో ఎక్కడ కుదురుతుంది చెప్పండి? ఆన్‌లైన్ శిక్షణకు ఉన్న అసలు బలం ఫీజు తగ్గడం కాదు అండీ, నేర్చుకునేవాడు సైటు వదలక్కర్లేకపోవడం. ఆ బలాన్ని వాడుకోకుండా పాత వీడియోలు పెట్టి వదిలేస్తే ఏం లాభం?

మా క్లాసులో ఒక పని చేయిస్తాను. దాని వివరం చెబుతాను, ఎందుకంటే దీన్ని మీరు నలుగురు స్నేహితులు కలిసి కూడా చేసుకోవచ్చు. ప్రతి విద్యార్థీ ఒక మేస్త్రికి ఫోన్ చేయాలి. సైటు లేనివాళ్లు తెలిసినవాళ్ల ద్వారా అయినా సరే, ఒక మేస్త్రిని పట్టుకోవాలి. ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది, పని ఎంత శాతం అయింది? రెండోది, ఇంకా ఎన్ని రోజులు పడుతుంది? రెండూ రాసుకోవాలి. మరుసటి వారం మళ్లీ అదే మేస్త్రికి ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడగాలి.

ఏమవుతుందో చెబుతాను. ఒకసారి ఒక విద్యార్థి ప్లాస్టరింగు మేస్త్రిని అడిగాడు. మొదటి వారం తొంభై శాతం అయిపోయింది బాబూ అన్నాడు. రెండో వారం అడిగితే, తొంభై దాటేసింది. మూడో వారం, అయిపోవచ్చింది. ఇంకా ఎన్ని రోజులని అడిగినప్పుడు మాత్రం ఆయన ఆగి లెక్కేశాడట. మెట్ల దగ్గర బాకీ ఉంది, పరంజా దొరకలేదు, ఇద్దరు మనుషులు ఊరెళ్లారు, ఇంకో ఎనిమిది రోజులు పడుతుంది బాబూ అన్నాడు. చూశారా తేడా? శాతం అడిగితే మర్యాదగా ఒక అంకె వస్తుంది. రోజులు అడిగితే సైటు మొత్తం బయటికి వస్తుంది. మేస్త్రి అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే బాగాలేదు. షెడ్యూలు అప్‌డేట్ చేసేటప్పుడు నేను మిగిలిన రోజులు రాయమని పట్టుబట్టేది ఇందుకే.

అప్‌డేట్ అన్నాను కదా. ఆన్‌లైన్ కోర్సుల్లో అందరూ షెడ్యూలు తయారీ దగ్గర ఆగిపోతారు. బేస్‌లైన్, అంటే మొదట ఒప్పుకున్న షెడ్యూలు, సేవ్ చేశాం, రంగురంగుల గీతలు వచ్చాయి, కోర్సు అయిపోయింది. ఉద్యోగంలో తయారీ ఒక నెల పని. ఆ తరవాత రెండేళ్లు మీరు చేసేది అప్‌డేటే. డేటా డేట్, అంటే ఏ తేదీ దాకా జరిగిన పని లెక్కలోకి తీసుకున్నామో ఆ తేదీ, ఒక నెల ముందుకు జరపడం, ఏది మొదలైంది, ఏది పూర్తయింది, ఏది ఆగింది రాయడం, లెక్క మళ్లీ వేయడం, తేదీ ఎందుకు జరిగిందో ఒక పేజీలో రాసి చెప్పడం. గోడ కాకుండానే రంగు మొదలైందనుకోండి, వరస తప్పింది. అప్పుడు మిగిలిన రంగు పని గోడ కోసం ఆగాలా, ఆగకుండా సాగాలా? సాఫ్ట్‌వేర్‌లో ఆగాలంటే రిటెయిన్డ్ లాజిక్ అని ఒకటి, సాగాలంటే ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ అని ఒకటి ఉంటాయి. ఏది ఎంచుకుంటే ప్రాజెక్టు ముగింపు తేదీ ఆ మేరకు మారుతుంది. ఒకే ఫైలు, ఒకే సైటు, రెండు తేదీలు! మీరు ఏది ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలగాలి. మళ్లీ ఆ ప్రశ్నే వచ్చింది చూడండి. ఎందుకు?

అందుకని కోర్సులో చేరే ముందు నేర్పేవాళ్లను అడగండి. మొహమాటపడకండి, డబ్బు మీది. నా ఫైలు మీరు తెరిచి చూస్తారా, లేక నేను మీ వీడియో చూడటమేనా? ఎన్నిసార్లు అప్‌డేట్ చేయిస్తారు? ఒకసారి కూడా చేయించం అంటే ఆ కోర్సు వద్దు. కనీసం మూడు అప్‌డేట్లు చేస్తేగానీ చేయి తిరగదు. తప్పు చేస్తే వెనక్కి పంపుతారా? నా క్లాసులో సగం మంది కాంట్రాక్టరు, సగం మంది కన్సల్టెంటు అవుతారు. వీళ్లు మెయిల్లో షెడ్యూలు పంపితే వాళ్లు వ్యాఖ్యలు రాసి తిప్పి పంపుతారు. మూడోసారికి గానీ ఆమోదం రాదు. ఆ మెయిళ్లు ఇంగ్లీషులోనే రాయమంటాను. పాఠం తెలుగులో చెబుతాను, సందేహం తెలుగులోనే తీరాలి, ఆ విషయంలో నాకు పట్టుదల ఉంది. రాత మాత్రం ఉద్యోగంలో ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అది అక్కడే అలవాటవ్వాలి.

ఫోన్‌లో క్లాసు వింటామని అడుగుతారు కొందరు. వినొచ్చు. చేయడానికి మాత్రం ల్యాప్‌టాప్ కావాలి. రెండు వందల పనులున్న షెడ్యూలు ఆరంగుళాల తెర మీద కనబడదు. లైసెన్సు లేకుండా పగలగొట్టిన (క్రాక్) సాఫ్ట్‌వేర్ మాత్రం పెట్టుకోకండి, దాంతో వైరస్ వచ్చి ఆఫీసు ల్యాప్‌టాప్ పోయి ఇబ్బంది పడ్డ కుర్రాళ్లను చూశాను. లైసెన్సు దొరికేదాకా ప్రాజెక్ట్‌లిబ్రె అని ఉచితంగా దొరికేది ఉంది, లెక్క నేర్చుకోవడానికి అది చాలు.

డబ్బు కట్టకుండా ముందుగా చూడదగ్గవి కూడా ఉన్నాయి. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన నిర్మాణ ప్లానింగ్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2015 డిసెంబరులో షెడ్యూల్ అసెస్‌మెంట్ గైడ్ అని ఒకటి ఇచ్చింది. పది పద్ధతులు, ఒక్కోటి ఉదాహరణలతో, ఎవరైనా దించుకోవచ్చు. అక్కడి రక్షణ శాఖలో డీసీఎంఏ అనే సంస్థ షెడ్యూళ్లకు పెట్టిన 14 పరీక్షలు ఉన్నాయి. ముందు గానీ వెనక గానీ లింకు లేని పనులు 5 శాతం దాటకూడదు, 44 పనిరోజులకు మించి ఫ్లోటు ఉన్నవి 5 శాతం దాటకూడదు, ఇలా. నా 212 రోజుల పంపులు ఆ పరీక్షలో మొదటి నిమిషంలోనే దొరికిపోయి ఉండేవి. అయితే ఆ పరీక్షలన్నీ పాసయిన షెడ్యూలు కూడా తప్పుగా ఉండొచ్చు. ఇనుము కట్టకముందే స్లాబు పోసేలా లింకు పెట్టినా ఆ 14 పరీక్షలకు తెలియదు. మనిషి చూడాలి.

సర్టిఫికెట్ల గురించి త్వరగా చెప్పి ముగిస్తాను, అందరికీ అదే టెన్షన్ అని తెలుసు. కోర్సు పూర్తి చేశారని ఇచ్చే కాగితం వేరు, పరీక్ష పాసయ్యారని ఇచ్చేది వేరు. షెడ్యూలింగ్‌లో పరీక్ష పెట్టే అంతర్జాతీయ వృత్తి సంస్థలు ఉన్నాయి, పీఎంఐ వాళ్ల పీఎంఐ-ఎస్‌పీ ఉంది, ఏఏసీఈ వాళ్ల పీఎస్‌పీ ఉంది. రెండింటికీ అనుభవం అడుగుతారు, కాబట్టి కాలేజీ పిల్లలు వాటికోసం ఇప్పుడే డబ్బు పోయకండి. పీఎస్‌పీలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అందులో ఒక మెమో రాయాలి. మేనేజరుకు పరిస్థితి వివరించే ఉత్తరం. టిక్కులు పెట్టి గట్టెక్కడం కుదరదు.

ఇంకొక్క మాట. ఈ ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు డబ్బు కూడా ముడిపడి ఉంటుంది. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ తయారుచేసిన నమూనా కాంట్రాక్టు 1999 రెడ్ బుక్‌లో, ఆలస్యానికి కారణమైన సంఘటన తెలిసిన 28 రోజుల్లోగా కాంట్రాక్టరు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదనపు గడువు అడిగే హక్కు పోతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సైటు మాకు అప్పగించడమే రెండు నెలలు ఆలస్యమైంది. అందరికీ తెలుసు, అందరూ చూశారు. ఎవరూ నోటీసు రాయలేదు. షెడ్యూల్లో ఆ ఆలస్యాన్ని ఒక పనిగా కూడా చూపించలేదు, తేదీలు ముందుకు జరిపేసి ఊరుకున్నారు. చివర్లో రోజుకింత చొప్పున జరిమానా పడింది. తప్పు మాది కాదని చెప్పుకోవడానికి మా చేతిలో కాగితం లేదు. ఆ కంపెనీలో కింది స్థాయి మనుషులకు ఆ ఏడాది బోనసు రాలేదు. మేస్త్రీలకు, ఫోర్‌మన్‌లకు. వాళ్లు చేసిన తప్పేమిటి? ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే నా ఆన్‌లైన్ క్లాసులో ఒక వారం మొత్తం నోటీసు రాయడానికే కేటాయించాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: సార్, నేను సివిల్ చదివి రెండేళ్లు డిజైన్ ఆఫీసులో చేశాను. పాప పుట్టాక మానేసి నాలుగేళ్లయింది. సైటు అనుభవం లేదు. ఇంట్లో ఉండి ఆన్‌లైన్‌లో ఈ పని నేర్చుకోవచ్చా?)

నేర్చుకోవచ్చమ్మా. డ్రాయింగు చదవడం వచ్చు కదా మీకు, అది సగం బలం. ఈ పనిలో చాలా భాగం కంప్యూటరు ముందే ఉంటుంది. షెడ్యూళ్లు సరిచూసే పని ఇంటి నుంచి చేసే ఆడవాళ్లు నాకు తెలుసు. సైటు లేదనే బెంగ ఉంది కదా. మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు కడుతున్నారా? ... కడుతున్నారు, సరే. ఏ దశలో ఉంది? ... పునాదులు. ఇంకేం కావాలమ్మా. రేపటి నుంచి పాపను బడిలో దింపి వచ్చేటప్పుడు అక్కడ రెండు నిమిషాలు ఆగండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఆ రోజు ఏ పని నడుస్తోంది, ఎంతమంది ఉన్నారు, పని ఆగి ఉంటే దేనికోసం ఆగింది, ఇవి రాసుకోండి. ఇసుక రాలేదా, ఇంజనీరు రాలేదా, వాన పడిందా, అడిగితే వాచ్‌మన్ చెబుతాడు. అవసరమైతే మేస్త్రినే అడగండి, మనవాళ్లు బాగానే చెబుతారు. నలభై రోజులు రాయండి. మొదటి రోజే ఆ ఇంటికి మీ సొంత షెడ్యూలు కాగితం మీద గీసిపెట్టుకోండి, ప్రతి ఆదివారం దాన్ని అప్‌డేట్ చేయండి. నలభై రోజుల తరవాత ఆ పుస్తకం ఫోటోలు తీసి నాకు పంపండి. అందులో ఒక్కో గీత మీదా పెన్సిలు పెట్టి అడుగుతాను.